లోపలి పూత

"అక్కా, నీ బండి నూనెలో రంగు పెచ్చులు ఉండాయి. నీలం రంగు!"

గూడూరు మెకానిక్కు ఫోన్ చేసేసరికి నేను ఆసుపత్రి ల్యాబులో ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ బిగించి నరం కోసం వెతుకుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "నూనెలో రంగేమిటయ్యా? ఎక్కడి రంగు?" అన్నాను.

"గేరుబాక్సు కింద ఆయిల్ పాన్ ఉంటాది గదక్కా, నూనె నిలబడే తట్ట. దాని లోపల ఎవురో రంగేసినారు. వేడి నూనెకి అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఫిల్టరుకి అంటుకోనుండాది. నూనె పైకి పొయ్యేదానికి దారి లేదు, బండి ఇంకెట్ట లాగతాది? ఎవురేసినారో గానీ, వాడి చేతులు విరగ్గొట్టాల."

నేను పట్టీ వదిలేశాను. పెద్దాయన బెదిరిపోయి, "ఏమ్మా, నా రగతం బాగలేదా?" అన్నాడు. సూది ఇంకా గుచ్చనే లేదు.

నీలం అనగానే నాకు తెలిసిపోయింది. ఇనుము కనపడితే చాలు, దాని లోపలికి కూడా కుంచె దూర్చి నీలం రంగు పూసే మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆ చేతులు విరగ్గొట్టే భాగ్యం మెకానిక్కుకి లేదు. పోయిన వానాకాలంలోనే వాటిని గుండెల మీద పెట్టి మట్టి చేశాం. ఆయన మా చిన్నాయన, నాన్నకి తమ్ముడు. వాకాడు అవతల, సముద్రం ఒడ్డున మా ఊళ్ళో పడవలకి రంగులు వేసేవాడు.

"చచ్చి కూడా నన్ను బస్సెక్కిస్తావా చిన్నాయనా!" అని పైకే అనేశాను. పెద్దాయన ఇంకా బెదిరిపోయాడు.

నా కోపం ఎందుకో చెప్పాలి. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. ఉద్యోగం గూడూరులో, ఇల్లు సముద్రం ఒడ్డున. చాలా ఏళ్ళు బస్సులోనే తిరిగాను. బస్సు మెట్టు నా నడుము ఎత్తున ఉండేది. కండక్టరో, ఎవరో పుణ్యాత్ముడో నా చంకల కింద చేతులు వేసి, బియ్యం మూటని ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టేవాళ్ళు. మంచివాళ్ళే, కాదనను. కానీ రోజూ పొద్దునా సాయంత్రం ముక్కూమొహం తెలియని చేతులు మీద పడుతుంటే ఆ మంచితనం కూడా వెగటు పుట్టిస్తుంది. క్లచ్చు లేని కారు కొన్నాక నన్ను ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు గేరుబాక్సు పోయిందంటే బండి పాత ఇనుము తూకానికే అని మెకానిక్కు ముందే చెప్పాడు. ఇంకొకటి కొనే తాహతు నాకు లేదు. అంటే మళ్ళీ ఆ మెట్టూ, ఆ చేతులూ.

మా చిన్నాయనది వేలెడంత గడ్డం, ఎప్పుడూ నీలంగా ఉండే బొటనవేలి గోరు. ఎవరింటికి వెళ్ళినా ముందు కూర్చోడు. గేటునో, కిటికీ ఊచనో, మంచం కోడునో గోరుతో గీకి, ఆ గోరుని వెలుతుర్లో పెట్టి చూసుకునేవాడు. అందులో ఎర్రపొడి కనిపిస్తే ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని విన్నట్టు ముఖం పెట్టేవాడు. "పుట్టింది" అనేవాడు మెల్లగా. తుప్పు పుట్టిందని. ఆ తర్వాతే మంచినీళ్ళు పుచ్చుకునేవాడు.

మా వైపు గాలిలోనే ఉప్పుంటుంది. కొత్త తాళం కొని తగిలిస్తే మరుసటి వానాకాలానికి అది తెరుచుకోదు. అందుకే మా ఊళ్ళో అందరూ అన్నింటికీ రంగులు వేస్తారు. తేడా ఏమిటంటే, అందరూ బయట వేస్తారు, ఆయన లోపల కూడా వేసేవాడు. ట్రంకుపెట్టె లోపల, బీరువా వీపున, మంచం అడుగున, గడియ దూరే రంధ్రంలో కూడా. ఎవరైనా నవ్వితే ఒకటే మాట. "ఉప్పు గాలికి కళ్ళుండవబ్బయా. ఇది కనపడే చోటు, అది కనపడని చోటు అని చూడదు."

ఇంకో గుణం కూడా ఉంది ఆయనకి, అది చెప్పకపోతే పాపం. రంగు ఆరేదాకా ఆగలేడు. కుంచె కడిగీ కడగకముందే "ఆరింది, ఆరింది, తీసుకపో" అనేవాడు. పాస్టరుగారి ఇనప బీరువాకి లోపల వేసినప్పుడూ అంతే. ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం అయ్యాక ప్రార్థన కోసం వెనక్కి తిరిగితే, ఆ బీరువాలోంచి తీసి తొడుక్కున్న తెల్ల జుబ్బా వీపున బీరువా అరలు వరసగా నీలం గీతలై పడి ఉన్నాయి. ఆడవాళ్ళ వైపు ఒకటే నవ్వు. మా చిన్నాయన మాత్రం గుడి పైకప్పు కేసి భక్తిగా చూస్తూ కూర్చున్నాడు.

మా చిన్నమ్మ దగ్గర మాత్రం ఆ భక్తి పనిచేసేది కాదు. ఒకసారి బియ్యం డ్రమ్ము ఖాళీగా కనిపించింది కదా అని లోపల నున్నగా పూసి పెట్టాడు. చిన్నమ్మ చూసుకోకుండా కొత్త బియ్యం పోసింది. ఇంక చూడండి, అన్నం వండితే రంగు వాసన, గంజి వారిస్తే రంగు వాసన.

"కడుపులోకి పొయ్యేదానికి కూడా రంగేస్తావా? నీకేమన్నా మనిషి బుద్ధుండాదా?" అని చిన్నమ్మ వాకిట్లో నిలబడి అరిచింది.

"బియ్యం పోతే పోయినాయిలే మే. డ్రమ్ము నిలబడింది గదా!"

ఆ మాటతో చిన్నమ్మ చేతిలో చీపురు తిరగబడింది. ఆయన సముద్రం వైపు పరుగు. మా రెండిళ్ళకీ ఒకటే వాకిలి కాబట్టి ఇలాంటివి మేము టిక్కెట్టు లేకుండా చూశాం.

నాకు బడికి వెళ్ళే వయసులో నెల్లూరు ఆసుపత్రిలో కాలికి కాలిపర్ ఇచ్చారు. అటూ ఇటూ రెండు ఇనప కడ్డీలు, మోకాలి దగ్గర తోలు పట్టీ, కింద బరువైన బూటు. మా గాలికి అది తొందరగానే తుప్పు పట్టింది. మేజోడు మీద ఎర్ర మరకలు పడేవి. బళ్ళో పిల్లలు నాకు 'తుప్పుకాలు' అని పేరు పెట్టారు. నేను ఇంట్లో చెప్పలేదు. కానీ చిన్నాయన గోరు ఉందిగా, ఒక శనివారం వచ్చి కాలిపర్ గీకి చూశాడు. దాన్ని విప్పి తీసుకుని పోయాడు.

నన్ను పడవ అంచు మీద కూర్చోబెట్టి, ఇసకలో గొంతుకూర్చుని పని మొదలుపెట్టాడు. కడ్డీలకి నీలం వేశాడు. దాని మీద పడవలకి లాగినట్టే పొడుగునా పసుప్పచ్చ గీత లాగాడు. ఆ గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాడు, నేను కూడా బిగబట్టాను. అంతా అయ్యాక తోలు పట్టీ తప్పించి, దాని కింద దాగి ఉన్న ఇనుముకి కూడా వెయ్యడం మొదలుపెట్టాడు.

"లోపలెందుకు చిన్నాయనా? ఎవురు చూస్తారు?"

"చూసేదానికి కాదు మే. కాలు ఆనేది యాడ? లోపల్నే గదా."

"ఆరిందా?"

"ఆరింది."

ఆరలేదు. నా మోకాలు చాలా రోజులు నీలంగా ఉంది. సోమవారం బడికి వెళితే పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు గీత ముట్టుకుంటానని బతిమాలాడు, ఇంకొకతె తనకీ అలాంటిది కావాలని వాళ్ళమ్మ దగ్గర ఏడ్చిందట. నా కాలిని చూసి ఒకరు అసూయపడటం నా జన్మలో అదే మొదటిసారి. ఆ రోజు నేను వంకరగా నడిచినా పెళ్ళికూతురిలా నడిచాను.

శవపేటికల సంగతి కూడా చెప్పాలి. మా సంఘంలో ఎవరైనా పోతే వడ్రంగి పెట్టె చేసేవాడు, చిన్నాయన రంగు వేసేవాడు. బయట నలుపు, మూత మీద తెల్ల సిలువ. ఆ తర్వాత మూత పక్కకి దించి, లోపల నాలుగు పక్కలా నీలం పూసేవాడు. జనం తొందరపెట్టేవారు. చెక్కకి తుప్పేమిటని ఎవరో అడిగారు కూడా. ఆయన కుంచె ఆపకుండా, "బయట మన కోసం. లోపల పండుకునే ఆయన కోసం" అన్నాడు.

కారు సంగతికి వస్తాను. తడ దగ్గర కంపెనీలో పనిచేసే ఒకాయన పాత ఆటోమేటిక్ కారు అమ్ముతుంటే కొన్నాను. ఇంట్లో అందరూ వద్దన్నారు. చిన్నాయన వద్దనలేదు, కానీ భయపడ్డాడు. సముద్రం రోడ్డు మీద నేర్చుకుంటుంటే పక్క సీట్లో కూర్చుని, రెండు చేతులతో సీటు పట్టుకుని, లేని బ్రేకుని తొక్కుతూ ఉండేవాడు. కొంచెం దూరం పోయాక నా కాళ్ళ కేసి వంగి చూశాడు.

"ఎడం కాలు ఏం చేస్తాది?"

"ఏమీ చెయ్యదు చిన్నాయనా. ఈ బండిలో దానికి పనే లేదు."

"అసలికే లేదా?"

"అసలికే లేదు. గమ్మున కూచుంటాది."

"బండాపు" అన్నాడు. ఏమైందోనని ఆపాను. దిగి, బండి చుట్టూ తిరిగి ముందుకొచ్చి, బానెట్టు మీద రెండుసార్లు తట్టాడు. "నువ్వు మర్యాద తెలిసినదానివే" అన్నాడు కారుతో. మళ్ళీ ఎక్కి కూర్చున్నాక కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి బ్రేకు తొక్కలేదు.

మా ఊరి దారిలో ఉప్పుటేరు ఉంది. పోటు సమయంలో నీళ్ళు రోడ్డెక్కుతాయి. ఆ నీళ్ళల్లో తిరిగి తిరిగి ఒకరోజు వాకిట్లో సిమెంటు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఇలాంటి బండ్లలో గేరునూనె ఎర్రగానే ఉంటుంది. ముందు చూసింది చిన్నాయనే. "పాపా, నీ బండికి రగతం కారతా ఉండాది!" అంటూ వచ్చాడు. కిందికి దూరి చూస్తే ఆయిల్ పాన్ తుప్పు పట్టి చిల్లి పడింది. ఆ ఒక్క ఇనుమే ఆయన కుంచెకి అందనిది. "నేనుండంగా, నా వాకిట్లో ఇనుము చిల్లి పడడమా!" అని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మెకానిక్కు మదరాసులో పాత సామాన్ల బజారు నుంచి వేరే పాన్ తెప్పించుకోమన్నాడు. తెప్పించాను. సోమవారం బిగించాలి. ఆదివారం గుడి నుంచి వచ్చి, భోజనం చేసి, కాస్త కునుకు తీశాను. అదే సందు. లేచేసరికి ఆయన దాన్ని పేపర్లో చుట్టి, ఒళ్ళో బిడ్డలాగా పెట్టుకుని అరుగు మీద ఉన్నాడు. పేపరు తొలగిన చోట నీలం రంగు తళతళలాడుతోంది. బయట వేశాడు, మంచిదే అనుకున్నాను.

"ఆరిందా?" అన్నాను.

"ఆరింది. ఇంక దీన్ని నువ్వు చూసుకోబన్లేదు. నేను పోయినా ఇది పోదు."

అన్నట్టే ఆయన ముందు పోయాడు. పెద్ద జబ్బేమీ కాదు. జ్వరమన్నాడు, నా ల్యాబులోనే రక్తం చూశాను, ఆసుపత్రిలో చేర్చాం, గుండె ఆగిపోయింది. ఊళ్ళో వడ్రంగి ఇప్పుడు లేడు. పెట్టె గూడూరు నుంచి రెడీమేడ్‌గా వచ్చింది. లోపల తెల్లటి మెరుపుగుడ్డ కుట్టి ఉంది. మూత వేసే ముందు ఆ గుడ్డ అంచు వేలితో ఎత్తి చూశాను. కింద పచ్చి చెక్క. బయట వాన పడుతోంది, మోసేవాళ్ళు చెప్పులు విడిచి నిలబడ్డారు. ఊరందరికీ లోపల పూసినవాడికి లోపల పూసేవాడు లేకపోయాడు.

మెకానిక్కు ఫోన్ చేసిన ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఆటోలో షెడ్డుకి వెళ్ళాను. దారి పొడుగునా చచ్చిపోయిన మనిషితో పోట్లాడుతూనే ఉన్నాను. వెళితే పాన్ నేల మీద బోర్లించి ఉంది. బయట వైపు నీలం అలాగే మెరుస్తోంది.

"ఇది చూడక్కా. ఇన్నాళ్ళు ఉప్పునీళ్ళల్లో తిరిగింది, చుక్క తుప్పు లేదు. ఇప్పుడిది చూడు" అని మెకానిక్కు దాన్ని వెల్లకిలా తిప్పాడు. లోపల రంగు వానకి తడిసిన పోస్టరులా ముడతలు పడి లేచిపోయింది. అడుగున మిగిలిన ఎర్ర నూనెలో నీలం పెచ్చులు తేలుతున్నాయి. "నూనెలో ఇనప రజను పట్టుకునేదానికి అయస్కాంతం ఉంటాదక్కా. దాన్ని పీకి, దాని కింద కూడా ఏసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టినాడు మహానుభావుడు. నూనె ఉండే చోట తుప్పెట్ట వస్తాదక్కా?"

"బిగించేటప్పుడు నువ్వు చూళ్ళేదా?" అని నేను కూడా గొంతు పెంచాను.

"చూసినా. కొన్ని బండ్లకి కంపెనీవాళ్ళే లోపల పూత పూస్తారు, అదే అనుకున్నా. ఇంత నున్నంగా చేత్తో ఎవురేస్తారు? ఒక్క కుంచె గీత కనపడితే నన్నడుగు. ఇంతకీ ఎవురక్కా?"

"మా చిన్నాయన. పడవలకి రంగులేసేవాడు. పోయిన వానాకాలంలో పోయినాడు."

మెకానిక్కు చేతిలో పాన్ మెల్లగా కింద పెట్టాడు. "చేతులు విరగ్గొట్టాలని నోరు జారినా. ఏమనుకోబాకక్కా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బియ్యం డ్రమ్ము గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు. అతను చేతులు తుడుచుకునే గుడ్డ ఇవ్వబోయి, దాని మురికి చూసి, టీ చెప్పాడు.

లోపలి రంగంతా గీకించాడు. కొత్త ఫిల్టరు, కొత్త నూనె. "గేరుబాక్సు బతికుండాదో లేదో ఇప్పుడు తెలస్తాది. నువ్వే ఎక్కు" అన్నాడు. ఎక్కాను. అంతకుముందు గేరులో వేస్తే ఇంజను ఊరికే అరిచేది, బండి కదిలేది కాదు. బస్సు మెట్టు కళ్ళ ముందు కనిపించింది. దేవుణ్ణి అడిగానో చిన్నాయనని అడిగానో తెలియదు. లివరు లాగి బ్రేకు వదిలాను. బండి ఒక్క కుదుపు లేకుండా, నీళ్ళ మీద పడవ జారినట్టు ముందుకి కదిలింది.

"బతికింది!" అని మెకానిక్కు కేకవేశాడు. నేను స్టీరింగు మీద తల ఆనించాను. బయల్దేరేటప్పుడు అతను కిటికీ దగ్గరికి వచ్చి, "ఇంకోసారి మాత్రం లోపల రంగెయ్యనీబాకక్కా" అన్నాడు.

"ఇంకెవరున్నారయ్యా వెయ్యడానికి" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చిన్నాయన పోయి ఏడాదికి చేసే జ్ఞాపకార్థ కూటం దగ్గర పడుతోంది, సమాధుల తోటలో ఆయన సమాధి చుట్టూ మేస్త్రీ ఇటుకల కట్టు కడుతున్నాడు. మరునాటి పొద్దున చిన్నమ్మ మంచం కింది నుంచి సగం నీలం రంగున్న డబ్బా లాగి, కుంచెతో పాటు నా ముందు పెట్టింది.

డబ్బాని కారులో ఎడమ కాలి పక్కన పెట్టుకున్నాను. ఆ కాలికి అక్కడ పనేమీ లేదు కదా, దారంతా డబ్బా దొర్లకుండా ఆనుకుని ఉంది.

సమాధి నాలుగు గోడలూ లేచాయి, పైన పలక మూయడమే మిగిలింది. నేను ఇసకలో కూర్చుని, కాలు బారజాపి, గోడల లోపలి వైపు నీలం పూయడం మొదలుపెట్టాను. నా చెయ్యి ఆయన చెయ్యి కాదు, గీతలన్నీ తెలుస్తున్నాయి. మేస్త్రీ కాసేపు చూసి ఆగలేకపోయాడు.

"లోపలెందుకమ్మా? పలక మూసేస్తే ఎవురు చూస్తారు?"

"చూసేదానికి కాదులే" అన్నాను.

మూలలు కూడా వదలకుండా పూశాను. సముద్రం గాలి వీస్తోంది. మేస్త్రీకి మధ్యాహ్నం వేరే పని ఉంది, పలక పక్కనే నిలబడి అటూ ఇటూ కాళ్ళు మారుస్తున్నాడు.

"ఆరిందామ్మా?"

గోడకి బొటనవేలు ఆనించి చూశాను. గోరంతా నీలం అయింది.

"ఆరింది" అన్నాను. "ముయ్యి."